బొంతల గదికి ఎన్ని ప్లగ్గులు

నోట్లో ఒక నీలం టేపు ముక్క, చేతిలో ఇంకొకటి పట్టుకుని ఆర్లిస్ గది మధ్యలో నిలబడింది. గది అనడమే గానీ ఇది ఇంకా గది కాలేదు. వేసవి దాకా ఇక్కడ ఆమె మొగుడు వెండెల్ తన పాత పికప్ బండి పెట్టుకునేవాడు. ఇప్పుడు చుట్టూ నిలువు చెక్కలు కొట్టి ఉన్నాయి, వాటి సందుల్లోంచి ఈరోజు వైర్లు పోతాయి, రేపు పొద్దున్నే మనుషులొచ్చి పైన పలకలు బిగించేస్తారు. పలకలు బిగించాక అయ్యో ఇక్కడొకటి మర్చిపోయాను, అక్కడొకటి కావాలి అంటే కుదరదు. కరెంటు పని చేసే అమ్మాయి జోడీ పదింటికి వస్తానంది, ఏ ప్లగ్గు ఎక్కడ కావాలో టేపుతో గుర్తులు పెట్టి ఉంచమంది. ఇంకా గంట ఉంది. ఆర్లిస్‌కి గంటెందుకు? పెళ్ళయిన మూడో ఏటి నుంచీ ఈ గదిని బుర్రలో కడుతూనే ఉంది, కూలుస్తూనే ఉంది, వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చూడకుండా అందుకున్నట్టు ఈ గదిలో ఏది ఎక్కడుండాలో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఒక్క చోటు తప్ప. కిటికీ పక్కన ఆ ఒక్క చోటు దగ్గరికి మాత్రం ఇంకా పోలేదు. పోయినప్పుడు పోతుంది, తొందరేముంది.

ముందు మిషను. లోకంలో అందరూ కుట్టుమిషనుని గోడకి ఆనించి పెడతారు, ప్లగ్గు గోడకుంటుంది కాబట్టి. ప్లగ్గు ఎక్కడుంటే మనిషి వెళ్ళి అక్కడ కూర్చోవాలా, ఇదెక్కడి న్యాయం? చొక్కాలు కుట్టుకునేవాళ్ళకి ఏ గోడైనా ఒకటే. మంచం నిండా పరిచే బొంత సంగతి వేరు. అది దూడపిల్లంత బరువుంటుంది, మొండితనం కూడా దూడపిల్లదే. ఎడంపక్కనా వెనకపక్కనా బల్ల మీద పడుకోవడానికి చోటు చూపిస్తే బుద్ధిగా పడుకుంటుంది, చూపించకపోతే అంచు దాటి జారుతుంది, జారుతూ జారుతూ సూదిని కూడా తనతో లాక్కుపోతుంది, అప్పుడు పొద్దుటినుంచి చక్కగా నడిచిన కుట్టు కాస్తా తాగినవాడి అడుగులైపోతుంది. అందుకని మిషను గది నడిమధ్యన ఉండాలి, చుట్టూ బల్లలుండాలి, మిషను కాళ్ళ దగ్గర నేలలోనే ప్లగ్గు ఉండాలి, దానికొక ఇత్తడి మూత. నేలలో ప్లగ్గా అని వెండెల్ నవ్వాడు. గోడకి రెండు పెట్టుకో, చాలవా, మా అమ్మ మొత్తం ఇంటికే రెండుతో సరిపెట్టుకుంది అన్నాడు. మీ అమ్మ దీపం బుడ్డి వెలుగులో కూడా సరిపెట్టుకుంది, ఇప్పుడు ఆ బుడ్డి తెచ్చి నీ టీవీ పక్కన పెట్టనా అని ఆర్లిస్ అడిగింది. వెండెల్ బోల్టులు కావాలని చెప్పి పొద్దున్నే ఊళ్ళోకి పోయాడు. బోల్టులకింత సేపా? దుకాణం ముందు నలుగురు చేరి జొన్న ధర గురించి మాట్లాడుకుంటూ ఉంటారు, అందులో ఈయనొకడు. ఆర్లిస్ వంగి నేల మీద నీలం టేపుతో ఇంటూ గుర్తు వేసింది. మోకాళ్ళు కిర్రుమన్నాయి. అననీ.

ఆ ఇంటూ గుర్తు మీద కాలు పెట్టి చూసుకుంది, ఇక్కడే పెడలు, ఇక్కడే కుడికాలు. ఇక ఆ నారింజరంగు వైరు ఉండదు. భోజనాల గదిలో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు పింగాణీ సామాను బీరువా వెనక్కి పోయింది, దాన్ని జరపడమంటే అత్తగారి పళ్ళేలన్నీ దింపాలి, అందుకని ఇన్నేళ్ళూ వంటింట్లోంచి గుమ్మం దాటించి ఒక పొడుగాటి నారింజరంగు వైరు లాక్కుని మిషను నడిపింది. వెండెల్ దాన్ని పాము అంటాడు. పాము పడుకుందా, లేచిందా అని అడిగి గానీ కాఫీకి లోపలికి రాడు. ఆ గుమ్మం దగ్గర కాలెత్తి వేయడం ఎంత అలవాటైపోయిందంటే వైరు చుట్టేసి అలమర్లో పెట్టిన రోజు కూడా అక్కడికొచ్చేసరికి కాలు ఎత్తుతాడు, కుక్క కూడా ఎత్తుతుంది, ఒకసారి పాస్టరుగారు వాళ్ళిద్దరి వెనకాలే వస్తూ ఎందుకైనా మంచిదని ఆయనా ఎత్తారు. ఆ మాట తలుచుకుని ఆర్లిస్ టేపు ముక్క నోట్లోనే ఉంచుకుని నవ్వింది. బయట పక్కవాళ్ళ చేలో కోతయంత్రం రొద ఒకసారి దగ్గరై మళ్ళీ దూరమైంది. ఆ రొదకి, మిషను వేగంగా పోతున్నప్పటి చప్పుడుకి ఏదో చుట్టరికం ఉంది, వింటుంటే చేతులు ఊరుకోవు.

ఇప్పుడు దీపాల సంగతి. దీపాలొక లైను మీద, మిషను ఇంకో లైను మీద, ఇస్త్రీ పెట్టెకి పూర్తిగా వేరే లైను. ఈ చివరిదాని దగ్గర జోడీ వాదించినా సరే ఒప్పుకోదు, ప్రాణం పోయినా ఒప్పుకోదు. ఇస్త్రీ పెట్టెతో పడ్డ బాధంతా ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళకే తెలుసు. చర్చి కింది గదిలో గురువారం గురువారం అందరూ చేరి ఎక్కడో యుద్ధాల్లో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి పంపడానికి బొంతలు కుడతారు. మిషన్లు, ఇస్త్రీ పెట్టెలు, ఒక మూల కాఫీ కాచే పెద్ద పాత్ర, అన్నీ పాతకాలపు వైర్ల మీదే. కాఫీ పాత్ర ఉడుకుతుండగా ఎవరైనా ఇస్త్రీ పెట్టె పెట్టారో, టప్పుమని అంతా చీకటి. పైన పాస్టరుగారి మైకు కూడా పోయేది. ఫ్యూజుల పెట్టె మెట్ల కింద, క్రిస్మస్ నాటకం గొర్రెల బొమ్మల వెనక ఉండేది, చీకట్లో ఆ గొర్రెల మధ్య దూరి వెతుక్కోవడం ఆ చర్చి ఆడవాళ్ళకి ప్రార్థనంత అలవాటైంది. ఇది కాదు పద్ధతి అని థోరా ఒకరోజు గోళ్ళరంగు సీసాలు తెచ్చింది. ఒక్కొక్క ప్లగ్గూ పెట్టి చూసి, పీకి చూసి, ఏవి ఏ లైను మీదున్నాయో కనిపెట్టి, ఒక లైనుకి ఎర్ర చుక్క, ఒక లైనుకి గులాబీ చుక్క పెట్టింది. ఎర్రదాంట్లో కాఫీ ఉంటే ఎర్రదాంట్లో ఇస్త్రీ పెట్టకూడదు. దాంతోపాటు ఇంకో కట్టుబాటు కూడా తెచ్చింది. ఇస్త్రీ పెట్టె పెట్టబోయే మనిషి గట్టిగా ఇస్త్రీ అని అరవాలి. మిషన్ల మీదున్నవాళ్ళంతా పెడలు మీంచి కాలు ఎత్తాలి, పెట్టు అని జవాబు చెప్పాలి. అప్పుడే పెట్టాలి. ఆ చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి, ఆ అరుపూ ఉంది, కొత్తగా చేరినవాళ్ళకి సూది ఇవ్వకముందే అరవడం నేర్పుతారు.

థోరా. సరే, తలపు అటే పోయింది కాబట్టి పోనీ. థోరా వెండెల్ అక్క. పెళ్ళయిన కొత్తలో ఆర్లిస్ గుడ్డ ముక్కలు కలిపి తనంతట తాను కుట్టిన మొదటి నక్షత్రం చూపించబోతే, ఆడపడుచు దాన్ని వెలుగులోకి పట్టుకుని ఒక్క మాట అంది. నక్షత్రానికి ముక్కులు కోసేశావేం పిల్లా అంది. ముక్కలు కలిపేటప్పుడు కుట్టు కొంచెం లోపలికి పోతే నక్షత్రం కొనలు కుట్టులో కలిసిపోతాయి, అదే ఆ ముక్కులు కొయ్యడం. ఆర్లిస్ ఆ రోజు ఏడవలేదు, కోపం మాత్రం తెచ్చుకుంది, కోపంతో కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టింది, అదే వరస మళ్ళీ మళ్ళీ. చివరికి ఒకరోజు థోరా ఆ నక్షత్రం చూసి ఏమీ అనకుండా ఇస్త్రీ పెట్టె అందుకుంది. అదే మెచ్చుకోవడం. అప్పటినుంచి ప్రతి మంగళవారం భోజనాల గదిలో ఆర్లిస్ కుట్టేది, థోరా అణిచేది. అణచడమంటే చొక్కా మీద రుద్దినట్టు కాదు, అలా రుద్దితే ముక్క సాగి వంకరైపోతుంది. పెట్టె ఎత్తాలి, దించాలి, ఒక్క క్షణం ఆగాలి, మళ్ళీ ఎత్తాలి. థోరా చెయ్యి ఎత్తి దించే తీరు చూస్తే ఎంత గట్టి గుడ్డయినా మాట వింటుందనిపించేది. వేడికి తడి నూలు వాసన వచ్చేది, దాంతోపాటు వంటింట్లో మరుగుతున్న కాఫీ వాసన. ఇస్త్రీ అని థోరా కేక వేసేది, ఆర్లిస్ కాలెత్తేది, పెట్టు వదినా అనేది, దీపం ఒకసారి వెలవెలపోయి మళ్ళీ తేరుకునేది. ఇద్దరూ గంటలకొద్దీ ఇంకో మాట లేకుండా ఉండేవాళ్ళు. ఆర్లిస్‌కి తెలిసినంతలో స్నేహమంటే అదే.

వసంతకాలంలో థోరాకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక కర్ర సాయంతో వచ్చింది, కుడిచెయ్యి రాలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే ఆవిడ చేసిన మొదటి పని గుడ్డలన్నీ పెట్టెల్లో సర్ది చర్చికి పంపించేయడం. మిషను కూడా ఎవరికో ఇచ్చేసింది. ఆర్లిస్ పోయేసరికి ఆవిడ కుట్టుగదిలో ఖాళీ అలమరలు, వాటి మీద దుమ్ములో పెట్టెల గుర్తులు. అప్పుడు థోరా కిటికీలోంచి బయటికి చూస్తూ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"నా సంగతి ఇక వదిలెయ్ ఆర్లిస్. కుట్టుపని అయిపోయింది. నన్ను బతిమాలావంటే నీ ఇంటికి కూడా రాను."

ఆర్లిస్ బతిమాలలేదు, అయినా థోరా రాలేదు. ఆదివారాలు వాళ్ళింటికి వీళ్ళే పోతారు, వానల గురించి, పంట గురించి, ఎవరి మోకాలికి ఆపరేషన్ అయిందో ఆ కబుర్లు చెప్పుకుంటారు, బొంతల మాట ఎత్తరు. ఆ మౌనం ఆర్లిస్ గుండె మీద బండలా కూర్చుంది. ఈ గది కట్టించే మాట వెండెల్ చెప్తే థోరా మంచిదే అందట, అంతే అందట. నిన్న ఆర్లిస్ ఫోన్ చేసి మామూలుగా, చాలా మామూలుగా, రేపు పదింటికి కరెంటు ఆవిడ వస్తోంది వదినా, ప్లగ్గుల గురించి నువ్వేమైనా చెప్పాలంటే దానికి ముందే చెప్పాలి, తర్వాత పలకలు బిగించేస్తారు అంది. నీ గది, నీ గోడలు, నన్నడుగుతావేం అని థోరా ఫోన్ పెట్టేసింది. చెప్పకూడదనుకుని ఊరుకుందా, చెప్పాలనుకుని చెప్పలేకపోయిందా? ఆవిడతో ఇన్నేళ్ళు కలిసి పనిచేసి కూడా ఆ ఒక్క మాట ఎటు కుట్టాలో ఆర్లిస్‌కి తెలియలేదు.

ఇదీ కిటికీ పక్కన మిగిలిపోయిన చోటు. అక్కడ ఇస్త్రీ బల్ల. ఎవరికోసం ఆ బల్ల? తన ఒక్కదానికైతే మిషనుకి కుడిపక్కనే చిన్న బల్ల చాలు, కూర్చున్నచోటినుంచే అటు తిరిగి అణిచేసుకోవచ్చు. కిటికీ దగ్గర విడిగా బల్ల, విడిగా లైను, ఎడమచేతివైపు ప్లగ్గు, అంటే అది రెండో మనిషి చోటు. రాత్రి అన్నం దగ్గర ఈ మాట చెప్తే వెండెల్ పళ్ళెంలో బంగాళాదుంపలు కెలికాడు. తర్వాత మెల్లిగా, అక్క రాకపోతేనో, రోజూ ఆ ఖాళీ చోటు నీ ఎదురుగానే ఉంటుంది, చూసుకుంటూ కూర్చుంటావా అన్నాడు. వెక్కిరించలేదు, నిజంగానే ఆర్లిస్ గురించే అడిగాడు. ఇప్పుడు, కొత్త చెక్క వాసనలో, కిటికీ అద్దం మీద ఒక కందిరీగ పైకి పాకి జారి మళ్ళీ పాకుతుండగా, దానికి జవాబు ఎంత తేలిగ్గా దొరికింది. చోటు లేకపోతే మాత్రం ఆవిడ లేకపోవడం కనిపించదా? ఎదురుగా గోడ నున్నగా ఉంటే ఆ నున్నదనం కనిపించదా? ఉన్న చోటులో మనిషి లేకపోతే ఎప్పుడైనా వస్తుంది. లేని చోటులోకి మనిషి ఎలా వస్తుంది? మనిషి వస్తే అప్పుడు పలకలు పగలగొట్టి వైరు లాగిస్తావా ఆర్లిస్? బొంతకి అంచు కట్టేటప్పుడు ముందే గుడ్డ కొలిచి పెట్టుకుంటాం, మధ్యలో తక్కువైతే అతుకు పడుతుంది, ఆ అతుకు జన్మంతా కనిపిస్తుంది. నోట్లోంచి టేపు ముక్క తీసి కిటికీ పక్కన చెక్క మీద, ఎడమవైపు, నడుమంత ఎత్తులో గట్టిగా అతికించింది. ఇంటూ గుర్తు వేసింది. ఆమె రానీ రాకపోనీ, ఇది థోరా చోటు. అనుకోగానే బండ దిగిపోయింది. మిగతా గుర్తులన్నీ గబగబా పెట్టేసింది, కత్తిరింపు బల్ల కింద రెండు, తలుపు పక్కన ఒకటి, రేడియోకి ఒకటి, చలికాలంలో కాళ్ళ దగ్గర పెట్టుకునే వేడిపెట్టెకి ఒకటి, ఇది కూడా వేరే లైనే, వెండెల్ లెక్కపెట్టుకుంటే పెట్టుకోనీ.

జోడీ అనుకున్నదానికంటే ముందే వచ్చింది, చేతిలో వైరు చుట్ట, చెవి మీద పెన్సిలు. ఈ పిల్ల చిన్నప్పుడు చర్చి కింది గదిలో బొంతల బల్లల కింద దూరి ఆడుకునేది. గుర్తులన్నీ తిరిగి చూసింది, నేలలో ప్లగ్గు దగ్గర ఆగి, ఇది మంచి పని చేశారు అంది. కిటికీ పక్కన మళ్ళీ ఆగింది.

"ఇస్త్రీకి విడిగా లైనేనా పిన్నీ?"

"విడిగానే."

"మీరు కుడిచేత్తో కదా చేస్తారు. ఎడమవైపు పెట్టారేం?"

"అది నాకు కాదు, మా వదినకి."

థోరా సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. జోడీ పెన్సిలు తీసి చెక్క మీద గీత గీయబోతుండగా బయట కంకర మీద బండి చప్పుడైంది. బోల్టులు తేవడానికి పోయినవాడు ఇప్పటికి వచ్చాడన్నమాట. ఆర్లిస్ కిటికీలోంచి చూసింది. పికప్‌లో రెండు తలలు కనిపించాయి. వెండెల్ దిగి అవతలి తలుపు తీశాడు, ముందు కర్ర దిగింది, తర్వాత నల్ల బూటు. ఆర్లిస్ కాళ్ళు పరుగెత్తబోయాయి, ఆపుకుంది. ఎదురు పోయి చెయ్యి పట్టుకుంటే అది బతిమాలడమే అవుతుంది. ఉన్నచోటే నిలబడి, కళ్ళు తుడుచుకోవడానికి మాత్రం ఒక్కసారి మూల పడుకున్న కుక్క వైపు తిరిగింది.

థోరా గుమ్మంలో ఆగి గదంతా చూసింది. వెండెల్ వెనకాల నిలబడి, అక్కే ఫోన్ చేసి తీసుకెళ్ళమంది, నేనేం అనలేదు అని ఎవరూ అడగకముందే చెప్పుకున్నాడు. నువ్వు బోల్టులు తెచ్చావా అని థోరా అడిగింది, తేలేదన్నాడు. కర్ర తాటించుకుంటూ ఆవిడ నేల మీది గుర్తు చూసింది, తల ఊపింది. కిటికీ దగ్గరికి పోయింది. ఎడమవైపు అతికించిన నీలం గుర్తు దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత థోరా కర్రని చెక్కకి ఆనించి, ఎడంచేత్తో ఆ టేపుని గోటితో లేపి, పీకేసింది.



"ఇంత పైన పెడితే ఎలాగే పిల్లా," అంది థోరా. "నేను నిలబడి చెయ్యలేను. కూర్చుని చేస్తుంటే ఇస్త్రీ పెట్టె తీగ చేతికి అడ్డం వేలాడుతుంది. ముక్కలన్నీ ఈడ్చేస్తుంది." అంటూ మెల్లిగా వంగి, జానెడు కిందకి, చెక్క మీద టేపుని అతికించి బొటనవేలితో అదిమింది. వంగినప్పుడు కుడిచేతి చొక్కా అంచు పైకి జరిగింది. మణికట్టు మీద సన్నగా, సూటిగా, గులాబీరంగు చార. బొంతలు కుట్టే ఏ ఆడదానికైనా ఆ చార తెలుసు, ఇస్త్రీ పెట్టె అంచు తగిలిన గుర్తు. అంటే ఎవరికీ చెప్పకుండా ఇంట్లో కూర్చుని ఎడంచేత్తో సాధన చేస్తోంది. కుడిచేతికి స్పర్శ లేదు కాబట్టి కాలినా తెలిసి ఉండదు. ఆర్లిస్ చూసిందని థోరా చూసింది.

"రుమాళ్ళే," అంది చొక్కా అంచు లాక్కుంటూ. "గుడ్డలన్నీ ఇచ్చేశానుగా, ఇంకేం దొరికాయి. రుమాళ్ళు చక్కగానే వస్తున్నాయి."

"గుడ్డలు నా దగ్గరున్నాయి," అంది ఆర్లిస్.

జోడీ వంగి కొత్త గుర్తు దగ్గర పెన్సిలుతో గీత గీసింది. అక్కడ తిరగేసి ఉన్న రంగు డబ్బా మీద థోరా కూర్చుంది, ఎదురుగా ఇంకా లేని బల్ల మీద ఎడంచెయ్యి ఎత్తి దించి ఎత్తి చూసుకుంది. ఆర్లిస్ తెలియకుండానే గది మధ్యకి వచ్చి ఇంటూ గుర్తు మీద కాలు పెట్టి నిలబడింది. ఇక మీదట కేక వెయ్యక్కర్లేదు థోరా పెద్దమ్మా, మీ లైను వేరు, ఎన్నిసార్లు పెట్టినా ఏదీ పోదు అని జోడీ చెప్పింది.

"నీ లైను నువ్వు వేసుకోవే అమ్మాయ్," అంది థోరా. "నా నోటి లైను కూడా వేరే, అదీ పోలేదు."

అని, ఖాళీ గదిలో, లేని ప్లగ్గు వైపు ఎడంచెయ్యి చాపి, చర్చి కింది గదిలోలాగే గట్టిగా, ఇస్త్రీ అని కేక వేసింది.

నేల మీద పెడలు లేదు. అయినా ఆర్లిస్ కుడికాలు లేచింది.

"పెట్టు వదినా," అంది.